హెస్టర్ తెచ్చిన ఫెర్న్

గాజుపెట్టె మూత తీయగానే లౌరెన్స్ చూపుడువేలు కణుపుదాకా మట్టిలో గుచ్చి, వాసన చూసి, చొక్కాకి తుడుచుకుంటాడు. డర్బన్ రైల్వేలో పని మానినప్పటినుంచి ఆయనకి ఆ పెట్టే తోట, అందులోని గోధుమరంగు పామే తోడు. కొట్లో కొన్న మొక్కని వేర్లు కడిగి నెల రోజులు బయట ఉంచనిదే లోపల నాటడు. కొట్లోవాళ్ళు పురుగుమందు కొట్టి అమ్ముతారు. పాము తాగేదేమో ఆకుల మీది నీటిబొట్లనే.

"నా గులాబీలు ఎండి చచ్చినా చూడలేదు. పాముగారికి మాత్రం తోట," అని భార్య హెస్టర్ కాఫీలో రస్కు ముంచుకుంటూ పదేళ్ళుగా దెప్పుతూనే ఉంది. అలాంటి మనిషి ఆయన పుట్టినరోజున ఫెర్న్ మొక్క పట్టుకొచ్చి, "నాటవయ్యా, చూస్తాను," అంటూ మొదటిసారి ఆ పెట్టె ముందు కుర్చీ వేసుకుంది. నెల ఆగాలని చెప్పడానికి లౌరెన్స్‌కి నోరు రాలేదు. అప్పుడే నాటాడు. మూడోనాడు పాము తల వెనక్కి మెలితిరిగి చచ్చిపోయింది.

"నా మొక్క పడలేదా ఏంటి?" అంది హెస్టర్.

"ఛ, దానికి వయసైపోయింది."

"పోన్లే, మొక్కైనా బతికింది."

మర్నాడు ఉదయం ఆయన పెట్టెలోని పాతమొక్కలన్నీ పీకేసి, ఆ ఫెర్న్‌ని తీసి నడిమధ్యన నాటాడు.