అత్తగారు కూర్చున్న కుర్చీ

వీధి చివరి కొట్లో పేము కుర్చీలు చేసే వడ్రంగికి ఆదాయపు పన్ను ఎలా ఉంటుందో తెలియదు. దానికి అందేంత ఎత్తుకు ఆయన సంపాదన ఏనాడూ ఎదగలేదు. ప్రభుత్వం ఆ పన్ను ఎత్తేసి, బదులుగా దేశంలో అమ్మే ప్రతి కొత్త వస్తువు మీదా అమ్మకం పన్ను వేసిన రోజున నెలజీతాల వాళ్లంతా చంకలు గుద్దుకున్నారు. ఆయన తలెత్తకుండా చిత్రిక పడుతూనే ఉన్నాడు.

నెల తిరక్కుండానే సెగ తగిలింది. వచ్చినవాళ్లు కుర్చీని ఎత్తి చూసి, ధర విని నోరు వెళ్లబెట్టి, "పాతవేమైనా ఉన్నాయా? వాటికి పన్ను లేదట కదా" అంటూ మెల్లగా జారుకునేవారు. చేసిన కుర్చీలు పైకప్పు దాకా పేరుకున్నాయి. ఇలాగే సాగితే కొట్టు మూసి ఇంకొకరి దగ్గర కూలికి పోవాల్సిందే.

"పాతవి కావాలంటే పాతవే ఇద్దాం, దానికేం భాగ్యం?" అంది భార్య. "మా అమ్మను కూర్చోబెట్టండి."

అత్తగారు భారీ మనిషి. ఆవిడ నడిచొస్తుంటే పక్కింట్లో గిన్నెలు మోగుతాయని వీధిలో ప్రతీతి. మర్నాటి నుంచి పొద్దున ఒక కుర్చీలో, మధ్యాహ్నం ఇంకో దాంట్లో కొలువుదీరింది. ఆవిడ లేవగానే వడ్రంగి దానికి "పాతది" అని చీటీ కట్టేవాడు. కుర్చీలు రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయాయి.

ఒకనాడు పన్నుల అధికారి కొట్లో అడుగుపెట్టాడు.

"ఇన్ని పాత కుర్చీలు ఎక్కణ్ణుంచొచ్చాయయ్యా?"

"మా అత్తగారు వాడినవి సార్." వడ్రంగి దాచలేదు. అందులో తప్పుందని ఆయనకు తోస్తే కదా!

"ఇవన్నీనా?"

"ఒక్కచోట కుదురుగా ఉండలేను బాబూ," అంది అత్తగారు కూర్చున్న చోటునుంచే.

అధికారి నుదురు కొట్టుకున్నాడు. "పాతదంటే ఒకసారి పన్ను కట్టి కొన్నది మహానుభావా, కూర్చుని లేచింది కాదు! అమ్మినవాటన్నిటికీ నువ్వే కట్టాలి."

కట్టేసరికి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. వడ్రంగి చీటీలు పీకేసి, పన్ను కలిపి ధరలు రాసి, ఇక కొట్టుకు తాళమే అనుకుంటూ కూలబడ్డాడు.

అంతలో అంతకుముందు ఒక కుర్చీ కొన్న పంతులమ్మ మళ్లీ వచ్చింది.

"ఇది మీ అత్తగారు కూర్చున్నదేనా?"

"కాదమ్మా, కొత్తదే. పన్ను పడుతుంది."

"పన్ను సంగతి ఎవరడిగారు? కొత్త పేము చెక్కలా ఉంటుంది, నడుము పట్టేస్తుంది. మొన్నటిది దూదిలా ఉంది. ఆవిణ్ణి కూర్చోబెట్టే ఇవ్వండి, నేను ఆగుతా."

వడ్రంగి ఒక్క అంగలో ఇంట్లోకి దూకాడు. "అత్తయ్యా, రండి రండి, పని పడింది!"

"ఊరికే కూర్చునే రోజులు పోయాయి అల్లుడూ. ఇకమీదట కుర్చీకింతని కూలి ఇవ్వాలి."

"మనలో మనకి కూలేమిటి అత్తయ్యా?"

"సంపాదన మీద పన్ను లేదటగా! ఇప్పుడు కాక ఇంకెప్పుడు సంపాదిస్తాను?"

వడ్రంగి ఆ కూలిని కూడా కుర్చీ ధరలో కలిపాడు. దాని మీదా పన్ను పడింది. అయినా ఎవరూ బేరమాడలేదు.