తాళం వేసిన రేకుల షెడ్డు

మే నెలలో ఒక ఉదయం ఆరింటికి మాదాపూర్ పోస్టులో రిపోర్ట్ చేశాను. కూకట్‌పల్లిలో ఎక్కిన బస్సు కొత్తగూడ దాకానే వచ్చింది. అక్కడి నుంచి నడక. భుజాన కిట్ బ్యాగ్. అందులో రెండు జతల ఖాకీ, టార్చి, చిన్న ట్రాన్సిస్టర్. సైన్యం నుంచి హవల్దార్‌గా రిటైరైన ఏడాది అది. ఇది సైన్యం పోస్టు కాదు. సగం కట్టిన ఒక సాఫ్ట్‌వేర్ భవనానికి సెక్యూరిటీ. మీరు ఎప్పుడు కలిసినా సరిహద్దు కబుర్లు అడుగుతారు. సరిహద్దులో శత్రువుకు నేనంటే కాస్త లెక్క ఉండేది. మాదాపూర్‌లో అదీ లేదు. అందుకే ఈ డ్యూటీ గురించి చెబుతున్నాను.

నేల అంతా బండ. చెట్టు లేదు. తొమ్మిదింటికల్లా బూటు అడుగు కాలేది. ముందు వైపు గాజు పలకలు బిగిస్తున్నారు. వెనక వైపు, అతిథులకు కనపడని చోట, పాలమూరు కూలీలు పిల్లాపాపలతో ఉండే రేకుల షెడ్డు. దానికి ఒకటే తలుపు. రెండు రేకు రెక్కలు, మధ్యలో గొలుసు. నా కింద ఇద్దరు గార్డులు. వాకీటాకీలు మూడు ఇచ్చారు, పని చేసేవి రెండు.

మా పై అధికారి ప్రాజెక్టు మేనేజర్. మే ఎండలో టై కట్టుకునే మనిషి. నడుముకు పేజర్, చేతిలో సెల్‌ఫోను. రెండూ కాసేపు మోగకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. భవనం పూర్తి కాకముందే ప్రారంభోత్సవం పెట్టించాడు. విదేశీ క్లయింట్లు వస్తున్నారట. సిద్ధాంతి సాయంత్రం నాలుగుంబావుకు ముహూర్తం పెట్టాడు. పెద్ద టెంటు వేశారు. బండలో మేకు దిగదు కాబట్టి టెంటు మేస్త్రీ బాలానగర్ నుంచి ఇనుప డ్రమ్ములు తెప్పించి, నిండా నీళ్లు పోయించి, తాళ్లన్నీ వాటికి కట్టాడు. సైన్యంలో అయితే ఇసుక బస్తాలకు కట్టేవాళ్లం. పని బాగానే చేశాడు.

ముందు రోజు సాయంత్రం ట్రాన్సిస్టర్‌లో వాతావరణం చెప్పారు. మరుసటి రోజు అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో వర్షం, బలమైన ఈదురుగాలులు, వడగళ్లు పడే అవకాశం. వెళ్లి మేనేజర్‌కు చెప్పాను.

"నేనూ విన్నానండీ హవల్దార్ గారూ. ముహూర్తం మార్చమంటారా, గాలిని మార్చమంటారా?"

చుట్టూ ఉన్న ఇంజనీర్లు నవ్వారు. నెల జీతం కోసం నవ్వే నవ్వు అది.

తెల్లవారి లారీలో పచ్చిక దిగింది. చాపల్లా చుట్టి తెచ్చారు. బండ మీద పరిచారు. పదింటికి వాడిపోయింది. నీళ్ల ట్యాంకర్ రాలేదు. మేనేజర్ అటూ ఇటూ చూశాడు. డ్రమ్ములు కనిపించాయి.

"ఆ నీళ్లు తీసి గడ్డికి కొట్టండయ్యా."

"మరి టెంటు దేని మీద నిలుస్తది సార్?" అన్నాడు టెంటు మేస్త్రీ.

"రెండు గంటల ఫంక్షన్! నిలబడుతుందిలే."

డ్రమ్ములన్నీ ఖాళీ చేశారు. ఖాళీ డ్రమ్ములు అందంగా కనపడాలని వాటికి శాటిన్ గుడ్డ చుట్టారు. గడ్డి పచ్చబడింది. మేనేజర్ దాని మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. నా సర్వీసులో పిరికివాళ్లను చూశాను, తాగుబోతులను చూశాను. ఇంతటి వెర్రివాణ్ణి మాత్రం అక్కడే చూశాను.

మధ్యాహ్నం మూడు దాటాక గాలి పూర్తిగా ఆగిపోయింది. నేను మెయిన్ గేటులో ఉన్నాను. వెనక గార్డు వాకీటాకీలో పిలిచాడు.

"సార్, కొత్తగూడ దిక్కు మబ్బు నల్లగ లేచింది. జర చూడుండ్రి."

"కూలీలను భవనం కింది అంతస్తులోకి పంపించు. ఓవర్."

"ఎట్ల పంపాలె సార్? షెడ్డుకు తాళమేసిన్రు."

"ఎవరు?"

"మేనేజర్ సారే. బయట తిరిగితె ఫొటోలల్ల పడతరంట. తాళంచెవి గూడ ఆయన జేబులనే ఉంది."

పరిగెత్తాను. మేనేజర్ పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కార్లు అప్పుడే లోపలికి వస్తున్నాయి.

"షెడ్డు తాళం చెవి ఇవ్వండి. లోపల పిల్లలున్నారు."

"ఇప్పుడా? అతిథులు దిగుతున్నారండీ. కొంచెం నవ్వుతూ ఉండండి."

ఆయన చొక్కా పట్టుకున్నాను. అంతలో గాలి కొట్టింది. ముందు దుమ్ము, వెంటనే వడగళ్లు. డ్రమ్ములు బండ మీద దొర్లుతూ లేచాయి. టెంటు గుంజలతో సహా ఎగిరి వెనక షెడ్డు మీద పడింది. దుమ్ములో నా చెయ్యి విదిలించుకుని మేనేజర్ అతిథుల కారెక్కాడు. కారు వెళ్లిపోయింది. తాళం చెవి ఆయన జేబులోనే వెళ్లింది.

గడ్డపార తీసుకుని షెడ్డు దగ్గరికి చేరాను. కప్పు సగం లేచిపోయింది. తలుపు రెక్క ఒకటి బందులు ఊడి గొలుసు మీద వేలాడుతోంది. గాలి దాన్ని లోపలికి తోస్తోంది. గొలుసు పక్కనే, రెక్కల సందులోంచి నాలుగు వేళ్లు బయటికి వచ్చి రేకు అంచును పట్టుకుని ఉన్నాయి. యాదమ్మ వేళ్లు. సిమెంటు తట్టలు మోసే మనిషి. వేళ్ల కింద రేకు ఎర్రగా ఉంది.

"చెయ్యి తియ్యమ్మా! తాళం కొట్టాలి!"

"తీస్తె రేకు పిల్లల మీద పడ్తది సారూ. నువ్వు దెబ్బ ఎయ్యి. నా చెయ్యి సూడకు."

నాకు భయం వేసింది. సైన్యంలో వేసిన దానికంటే ఎక్కువ భయం. గురి తప్పితే ఆమె వేళ్లు పోతాయి. తట్ట మోసే మనిషికి చేతులే బతుకు. కొట్టాను. మళ్లీ కొట్టాను. గొలుసు తెగింది. రెక్కను గార్డు, నేను పట్టి పక్కకు లాగాం. పిల్లలందరూ, వాళ్ల వెనక పెద్దలూ బయటికి వచ్చారు, పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. యాదమ్మను దవాఖానకు తీసుకెళ్తే రేకు ఎముక దాకా దిగిందన్నారు. రెండు వేళ్లు తీసేశారు.

మర్నాడు మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త టై.

"ఆవిడని ఊరికి పంపించేయండి హవల్దార్ గారూ. పేపర్ వాళ్లు వస్తే బాగోదు."

యూనిఫాం చొక్కా విప్పి ఆయన బల్ల మీద పడేశాను. అది వేసుకుని ఆయన ముందు ఇంకో నిమిషం నిలబడటం నాకు సిగ్గనిపించింది. బనియన్ మీద కొత్తగూడ దాకా నడిచి, కూకట్‌పల్లి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

సరిహద్దులో చూసినవి చాలా మరిచిపోయాను. ఇది పోదు. గడ్డపార లేచిన ప్రతిసారీ ఆ వేళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. గొలుసు తెగి, పిల్లలందరూ దాటిపోయాక కూడా రేకును వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను.