షాపాయన సరిచేసిన పంక్ రాక్

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, కలకత్తాలో ఉద్యోగం చేసే మా బావ ఊరికి వస్తూ ఒక ఇంగ్లీషు పాటల క్యాసెట్ తెచ్చాడు. దీన్ని పంక్ రాక్ అంటారనీ, అమెరికాలో కారు షెడ్లలో మొదలై లండన్‌లో పనిలేని కుర్రాళ్ళ చేతికి చిక్కిందనీ చెప్పాడు.

"తీగలు కలిపి నొక్కే కార్డ్స్ గిటార్ మీద మూడొస్తే సాలు బావా. మిగతాదంతా కోపమే," అన్నాడు.

కోపానికి నా దగ్గర కొదవ లేదు. టెక్కలిలో గుమాస్తాగా చేసే మా నాన్న నన్ను బి.ఇడి.లో చేర్పించాలని తీర్మానించేశాడు. నాకు మాస్టారి ఉద్యోగం ఇష్టం లేదని ఆయనతో ఒక్క ముక్క చెప్పాలి. ఆ ఒక్క ముక్కకే ఆర్నెల్లుగా నోరు పెగలడం లేదు.

ఆ రోజు మా ఊళ్ళో కరెంటు లేదు. బావ సాయంత్రం బండికే క్యాసెట్ తీసుకుని వెళ్ళిపోతాడు. అందుకని క్యాసెట్ వినకుండానే కాపీ తీయించడానికి పలాస పట్టుకెళ్ళాను. రికార్డింగ్ షాపాయన చేతిలో పడితే ఎంత పాత పాటైనా శుభ్రంగా వినిపిస్తుందని మా ఉద్దానం ప్రాంతమంతా పేరు.

"టేపు అరిగిపోనాది బాబూ. గిటారంతా గరగరమంతంది, పాడినోడు గొంతు సించుకుంటన్నాడు. కీసుమనే ట్రెబుల్ తీసేసి నానే సరిసేసినాను," అని కాపీ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి వింటే, దుప్పటి ముసుగులోంచి ఎవరో సణుగుతున్నట్టుంది. ఓహో, కోపాన్ని పళ్ళబిగువున దాచుకుని పాడడమే పంక్ కాబోలు అనుకున్నాను. ఆ విద్య మా ఇంటిల్లిపాదికీ ఎప్పుడో వచ్చు. అయినా రోజూ వింటూ సాధన చేశాను.

నాన్న దరఖాస్తు ముందు పెట్టిన రోజు, అచ్చం ఆ ఫక్కీలోనే, ఇష్టం లేదన్నాను.

"ఏటి గొణుగుతన్నావు?"

"ఏం లేదు," అని సంతకం పెట్టాను.

ఏడెనిమిదేళ్ళకి ఆ షాపు నెట్ సెంటర్ అయింది. నేను మందస దగ్గర మాస్టారినయ్యాను. ఒక ఆదివారం ఆ నెట్ సెంటర్‌లోనే కూర్చుని పంక్ చరిత్ర చదివాను. జమైకా తాళం కలుపుకున్నదీ, ఆ తర్వాతి బ్యాండ్లకి దారి చూపినదీ అంతా ఉంది. పలాసలో దానికి పట్టిన గతి మాత్రం ఎవరూ రాయలేదు. నా క్యాసెట్‌లోని పాటే ఒకటి దొరికితే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

వాడు అరుస్తున్నాడు. ప్రాణం పోయేలా అరుస్తున్నాడు. చెప్పడమంటే ఇలాగా అని నాకు ఏడుపొచ్చింది.

పాట హెడ్‌ఫోన్ దాటి బయటికి వినపడిందేమో, షాపాయన పరుగున వచ్చాడు. "ఎడ్‌ఫోన్ పాడైనట్టుంది మాస్టారూ, గరగరమంతంది. ఉండండి, సరిసేత్తాను," అంటూ మౌస్ అందుకున్నాడు.

"వద్దు," అన్నాను.

"ఏటన్నారు మాస్టారూ?"

"ఏం లేదు," అన్నాను.