ఫోటోకు పనికిరాని మనిషి

చిక్కడపల్లిలో మా ప్రార్థనా మందిరానికి వచ్చే ఆ పెద్దాయన ఒకప్పుడు సెలూన్ నడిపేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లకు గడ్డాలు గీసేవాడు. కత్తి పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ, "మీసం ఉంచాల్నా సార్?" అని అడిగేవాడు.

ఎవరూ అనుకోకుండా, ఈ సేవకు మా మందిర సంఘానికి అవార్డు వచ్చింది. ఫ్లైఓవర్ కింద ఉండే ఒకరిని వేదిక మీదికి తీసుకురమ్మన్నారు నిర్వాహకులు. గడ్డం మాత్రం గీయొద్దన్నారు, ఫోటోలో బాగుంటుందట. నాకది నచ్చలేదు. అయినా సంఘ కార్యదర్శిగా ఆ మాట పెద్దాయనకు చేరవేసింది నేనే.

సభ రోజున ఆయన, పాలమూరు నుంచి కూలికి వచ్చి రోడ్డున పడ్డ ఒక ముసలాయనకు నున్నగా గడ్డం గీసి, తల దువ్వి తీసుకొచ్చాడు.

నిర్వాహకుడు నన్ను పక్కకు లాగాడు. "ఏందన్నా, ఈయన మన లెక్కనే ఉన్నడు! ఫోటోకు ఎట్ల పనికొస్తడు?"

పెద్దాయన విన్నాడు.

"మన లెక్క ఉండాలనే గీసిన సార్," అని ముసలాయన చేయి పట్టుకుని బయటికి నడిచాడు.

వేదిక మీదికి నన్ను పిలిచారు. నా మీద నాకే రోత పుడుతుండగా, శాలువా కప్పించుకోవడానికి తల వంచాను. ఫోటోలో మాత్రం నవ్వుతూనే ఉన్నాను.