చప్పుడైతే ఒప్పుకోని సామ్రాజ్యం గారు

మా పీఈటీ టీచర్ సామ్రాజ్యం గారు ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పేటప్పుడు కోర్టుకి వీపు పెట్టి నిలబడతారు. అవునండీ, వీపే. బంతి బుట్టలో పడిందా, పక్క చేలో పడిందా ఆవిడకి అక్కర్లేదు. పైకెగిరిన పిల్ల నేల మీదికి దిగేటప్పుడు చప్పుడు రాకూడదు, అంతే.

మార్టూరు పక్కన ఓ హైస్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. నా క్లాసు కిటికీ సరిగ్గా ఆవిడ ముఖానికి ఎదురు. కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి నిలబడి ఉంటారు. వెనక ధన్‌మని వినిపించిందా, అయిపోయిందే!

“ఎవరే ఆ మిర్చి బస్తా దించింది? ఖుర్షిదా! మోకాళ్లు వంచు! రెండు కాళ్లూ ఒక్కసారే ఆనాలి. నువ్వు దిగినట్టు నేలకి తెలియకూడదు!”

“తెలిస్తే ఏమవుద్ది మేడం?”

“నేలకేం కాదు, నీ మోకాలికవుద్ది. మళ్లీ ఎగురు!”

ఈ పిచ్చి కోర్టుతో ఆగినా బాగుండేది. ఓసారి తనిఖీకొచ్చిన అధికారి జీపులోంచి దూకాడు. “సార్, ఎడమ కాలి మీద బరువెక్కువ వేస్తున్నారు” అన్నారు ఈవిడ, నమస్కారం కన్నా ముందు. పాపం ఆయన తనిఖీ మానేసి ఎముకల డాక్టర్ అడ్రసు రాసుకుపోయాడు. నేను మెట్లు దిగితే చాలు, స్టాఫ్ రూమ్‌లోంచి “మాస్టారూ, రెండు బస్తాలు!” అని కేక. నా బరువు గురించి నాకు లేని బెంగ ఈవిడకెందుకండీ? ఒళ్లు మండిపోయేది నాకు.

ఆదివారం బంతులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. ఆ రోజు ఆడమంటే హెచ్చెమ్ జయరావు గారినైనా కసురుతారు. జట్టులో ఉన్న ప్రతి పిల్లా ఆడాల్సిందే, ఓడిపోతున్నా సరే. పిల్లలు నవ్వడం మానేస్తే ఆట ఆపేసి జామకాయలు పంచుతారు. అలా జామకాయలు తింటూ మేం ఓడిన మ్యాచులు చాలానే ఉన్నాయి.

వీటన్నిటికీ సర్దుకున్నాను గానీ, హేమశ్రీ విషయంలో మాత్రం నాకు కోపమొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, జట్టులో అందరికన్నా ఎత్తుకి ఎగిరేది. జిల్లా సెలక్షన్స్ వారంలో ఉన్నాయి. ఆ పిల్లని మూడు వారాలుగా ఆడనివ్వడం లేదు. ఓ రోజు “జడ వదులుగా ఉంది, కూర్చుని స్కోరు రాయి.” మర్నాడు “క్లాసులో మాట్లాడావంట, కూర్చో.” ఆ మర్నాడు “బంతి వంక అలా చూశావేం? కూర్చో!” ఇదేం అన్యాయమండీ?

సరిగ్గా అప్పుడే హేమశ్రీ నాన్న దుర్గాప్రసాద్ గారు దిగారు. మార్టూరులో ఆయనకి గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. మా మట్టి కోర్టు మీద తన తండ్రి పేరుతో నల్ల గ్రానైట్ పరిపిస్తానన్నారు, అద్దంలా. నమూనాకి ఓ పలక కూడా తెచ్చి పెట్టారు. పిల్లలు చప్పట్లు. హెచ్చెమ్ గారి కళ్లలో నీళ్లు.

“వద్దండి” అన్నారు సామ్రాజ్యం గారు.

“వద్దా? ఇలాంటి రాయి గుంటూరులో కూడా లేదు మేడం!”

“మీరే దాని మీద ఓసారి ఎగరండి.”

పౌరుషం కదా, ఎగిరారు. ధన్‌మని దిగి, జర్రున జారి, జయరావు గారి మెడ పట్టుకుని ఆగారు.

“చూశారా? జారుద్ది, మోకాళ్లు పోతాయి. నేనుండగా ఈ కోర్టులో రాయి పడదు.”

ఆయన ముఖం ఎర్రబడింది. “ఆట వంక వీపు పెట్టేవాళ్లకి కోర్టు గురించి ఏం తెలుసండీ? మా అమ్మాయిని కావాలని కూర్చోబెట్టారు. మిమ్మల్ని బదిలీ చేయించకపోతే అడగండి!”

“చేయించుకోండి. ఎక్కడికెళ్లినా వీపే పెడతాను” అన్నారావిడ. “మీ అమ్మాయి దిగితే రెండు చప్పుళ్లు వస్తున్నాయండీ. ముందు కుడి కాలు, తర్వాత భయపడుతూ ఎడమ కాలు. మూడు వారాల కిందటే విన్నాను. తనే ఇంట్లో చెప్పుద్దని ఆగాను. నేను పెట్టుకున్న గడువు ఇవాళ్టితో అయిపోయింది. సాయంత్రం మీ ఇంటికే వద్దామనుకున్నాను, మీరే వచ్చారు.”

హేమశ్రీ బావురుమంది. “మోకాలు నొప్పి నాన్నా. చెప్తే సెలక్షన్స్‌కి పంపవని...”

“మరి ఆ జడ, ఆ మాటలు... అవన్నీ ఏంటి మేడం?” అన్నాను నేను, కిటికీలోంచి.

“నొప్పి ఉందని కూర్చోబెడితే మిగతా పిల్లలు కూడా నొప్పి దాచేస్తారు మాస్టారూ. అందుకే తిట్టి కూర్చోబెట్టాను.”

మూడు వారాలుగా ఆవిణ్ని మనసులో తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. దుర్గాప్రసాద్ గారు కూతుర్ని కార్లో కూర్చోబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. రెండు నెలలు ఎగరొద్దని, ఇంకొన్నాళ్లు ఆడి ఉంటే మోకాలు పాడయ్యేదని డాక్టర్ చెప్పాడట. సెలక్షన్స్ హేమశ్రీ లేకుండానే అయిపోయాయి. గ్రానైట్ మాత్రం వచ్చింది. కోర్టు చుట్టూ బెంచీలయింది, తాతగారి పేరుతో సహా.

రెండు నెలల తర్వాత హేమశ్రీ మళ్లీ ఎగిరే రోజున దుర్గాప్రసాద్ గారు చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సామ్రాజ్యం గారు మామూలుగానే వీపు పెట్టి నిలబడ్డారు. హేమశ్రీ ఎగిరింది. బంతి బుట్టలో పడింది. పిల్ల నేలకి దిగింది. ఒక్కరూ కిక్కురుమనలేదు.

“ఏమే, ఇంకా ఎగరలేదా?” అన్నారు సామ్రాజ్యం గారు.

“ఎగిరిందండీ! దిగేసింది కూడా!” అని అరిచారు దుర్గాప్రసాద్ గారు.

“నాకేం వినపళ్లేదే! మళ్లీ ఎగరమనండి.”

వెనకున్న వాళ్లెవరికీ ఆవిడ ముఖం కనిపించలేదు. కిటికీలోంచి నేను చూశాను. నవ్వు చెవుల దాకా సాగింది. కళ్లు తెరిచి, నేను చూస్తున్నానని తెలిసి గద్దించారు:

“లెక్కలు చెప్పుకోండి మాస్టారూ!”