మేడం దిద్దని వాక్యం

తొమ్మిదో తరగతి దాకా నాకు ఇంగ్లీషంటే గైడే. సారపాకలో మా సర్కారు బడి పిల్లలందరికీ అంతే. నేనైతే కామాలతో సహా బట్టీ పట్టేదాన్ని. అర్థం కాకపోయినా మార్కులొచ్చేవి. క్లాసులో ఫస్టు నేనే.

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఖమ్మం నుంచి కొత్త ఇంగ్లీషు మేడం వచ్చారు. వచ్చిన వారంలోనే గైడ్లన్నీ సంచుల్లో పెట్టించి, "ఇయాల పొద్దున మీరు చూసింది రాయండి. ఐదు వాక్యాలు చాలు. తప్పులు పోతే పోనీ" అన్నారు.

అందరికంటే ముందు నేనే లేచి చదివాను. పక్షుల కిలకిలలు, చల్లగాలి, గడ్డి మీద ముత్యాల్లాంటి మంచు బిందువులు. చెమటలు కక్కుతూ బడికి వచ్చి మరీ మంచు గురించి రాశాను.

మేడం ఓపిగ్గా విన్నారు. "ఏం పిట్టలమ్మా అవి?"

"పిట్టలే మేడం."

క్లాసంతా నవ్వింది. ఆ పొద్దున నేను నిజంగా చూసింది నల్లా దగ్గర బిందెల కోసం జరిగిన కొట్లాట. దాన్ని ఇంగ్లీషులో రాయొచ్చని నాకు తట్టనే లేదు.

వెనక బెంచీలో ఒక కోయ అమ్మాయి కూర్చునేది. అడవిలోని పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చేది. రెండేళ్లలో ఆమె గొంతు మేం విన్నది హాజరు పలికేటప్పుడే. ఒక్క వాక్యమే రాశానని పుస్తకం దాచుకుంటుంటే మేడం తీసుకుని పైకి చదివారు.

"మై మదర్ గోస్ బిఫోర్ ద సన్."

మా అమ్మ సూర్యుడి కన్నా ముందు వెళ్తుంది. అంతే. ఎక్కడికని మేడం అడిగితే ఆ అమ్మాయి నేలకేసి చూస్తూ చెప్పింది: "ఇప్పపూలకు మేడం. చీకట్లనే రాలుతయ్. ఎండొస్తే వాడిపోతయ్. పసులు గిట్ల తింటయ్. గందుకే ముందే పోతది."

మేడం ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా బోర్డు మీద రాశారు. ఆరు మాటలు. ఆరూ చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నవి. వాటిలోంచి ఒక తల్లి గంప పట్టుకుని అడవిలోకి నడిచిపోతోంది, ఆమె వెనకాల సూర్యుడు బయల్దేరుతున్నాడు. నాకు అన్ని వ్యాసాలు వచ్చు. ఇది మాత్రం రాదు.

బడి వదిలాక మేడం దగ్గర డిక్షనరీ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మా నాన్న కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. లారీల మీంచి జామాయిలు దుంగలు దించడం ఆయన పని. అన్నం తింటుంటే అడిగాను.

"నాయినా, దుంగ కింద పడితే ఎట్ల వినిపిస్తది?"

"గదెందుకు బిడ్డా?"

"ఇంగ్లీషుల రాయాలె."

ఆయన పని గురించి నేను అడగడం అదే మొదలు. ముద్ద కంచంలోనే ఉంచి ఆలోచించాడు. "చెవుల కన్నా ముందు కాళ్లకు తెలుస్తది. నేల అదురుతది గదా."

చాలాసేపు పేజీలు తిప్పాను. చివరికి దొరికింది: థడ్. బరువైనది మెత్తటి నేల మీద పడిన చప్పుడు. పైకి అంటే నా నోట్లోనే దుంగ పడినట్టయింది. నేనెన్నడూ చూడని దేశంలో ఎవరో చెవి పెట్టి విని, ఆ చప్పుడుకొక మాట కట్టి ఉంచారు! అదే చప్పుడు మా నాన్న రోజూ వింటున్నాడు.

నాన్నకు వినిపించాను. ఆయన కూడా రెండుసార్లు అని చూశాడు.

"అవ్, గట్లనే ఉంటది. అంటే ఆళ్ల దేశంల గూడ దుంగలు దించుతరన్నట్టు."

మర్నాడు నాన్న పని గురించి నేను రాసిన ఐదు వాక్యాల్లో మేడం ఏడు తప్పులు దిద్దారు. ఇంగ్లీషులో నాకు అన్ని తప్పులు ఎప్పుడూ రాలేదు. ఆ పుస్తకం పట్టుకుని, ముందు బెంచీలోంచి లేచి, వెనక ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.