సంచిలో దిష్టిమూట

ఈ ఉదయం మా అమ్మాయి లండన్‌లో ఏదో ఊరేగింపుకి బయల్దేరుతూ, నల్లపెన్నుతో మోచేతి కింద అంకెలు రాసుకుంటుంటే ఏమిటవని అడిగాను; పోలీసులు పట్టుకుని ఫోను తీసేసుకుంటే పనికొస్తుందని లాయరు నంబరట. ఎంత మామూలుగా అందో ఆ మాట! నాకు మాత్రం ఇరవయ్యేళ్ల కిందట మేం లండన్ దగ్గరి ఈ మిల్టన్ కీన్స్ ఊరికి కొత్తగా వచ్చిన రోజులు, యుద్ధం వద్దంటూ జనం లండన్ వీధులు నింపేసిన ఆ చలికాలం గుర్తొచ్చాయి.

అప్పటికి మాకు పర్మనెంట్ వీసా రాలేదు. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన మీకు వేరే చెప్పాలా, ఎదురింటాయన రెండోసారి పలకరిస్తే ఎందుకు పలకరించాడా అని ఆలోచించే కాలం. లా చదువుతూ మా ఫ్లాట్‌లోనే ఉంటున్న మా ఆడపడుచు ఊరేగింపుకి పోతానంది. మా ఆయన వద్దన్నారు, ఆ పిల్ల వినలేదు, చివరికి కాపలాగా నన్ను పంపారు.

ఏదైనా జరిగితే వీసా గోవిందా అని నా భయం. అందుకని నాకు తెలిసిన రక్షణ నేను చేశాను. రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు, ఇంత కర్పూరం గుడ్డలో మూటగట్టి, దానికి తెలియకుండా దాని సంచిలో పులిహోర డబ్బా కింద పెట్టాను. మేం దూరప్రయాణం వెళ్తే మా అమ్మా అలాగే చేసేది.

లండన్ వెళ్లే కోచ్ బస్సు ఎక్కిన దగ్గర్నుంచీ అందరూ అనుమానంగానే కనిపించారు. నవ్వుతూ బిస్కట్లు పంచిన పెద్దావిడ ఎవరి మనిషో, ఊరేగింపు దారిలో మేడమీంచి ఫొటోలు తీస్తున్నవాడు మా మొహాలే ఎందుకు తీస్తున్నాడో అనుకుంటూ మఫ్లరు ముక్కుదాకా లాక్కున్నాను; దాంతో అందరికన్నా నేనే అనుమానంగా కనిపించి ఉంటాను. సరిగ్గా మా దగ్గరికే వచ్చింది ఒక పోలీసావిడ. సంచి తెరిచి, పులిహోర పక్కన పెట్టి, మూట విప్పింది. తెల్లటి పలుకులు, ఘాటు వాసన! నా పైప్రాణాలు పైనే పోయాయి. దిష్టిని ఇంగ్లీషులో ఏమని చెప్పను?

మా ఆడపడుచు ఒకసారి నన్ను కొరకొరా చూసి, ఆవిడవైపు తిరిగి ఏ చట్టం కింద ఆపారు, కారణమేమిటి అని నెమ్మదిగా అడిగింది. నేను వెనకనుంచి గిల్లుతూనే ఉన్నాను. ఆవిడ విసుక్కోకుండా కారణం చెప్పి, అది ఉప్పూ కర్పూరమేనని మా ఆడపడుచు చెబితే నమ్మి, మమ్మల్ని ఆపినట్టు ఒక చీటీ రాసిచ్చింది.

“ఈ చీటీ ఊరికే రాలేదు వదినా, రోడ్డుమీద నల్లపిల్లల్ని అయినదానికీ కానిదానికీ ఆపుతుంటే, వాళ్ల అమ్మానాన్నలు ఏళ్లతరబడి వీధికెక్కితే వచ్చింది,” అంది. ఇంకోసారి కర్పూరం పెడితే అన్నయ్యతో చెప్తానని కూడా అంది.

నాకు నమ్మకం కుదరలేదు. చీటీ రాస్తూ మా పేర్లు రాసుకున్నారు కదా అని, వీసా వచ్చేదాకా తలుపు సందులోంచి ఏ కవరు పడ్డా విప్పేముందు వెలుతురుకి పట్టి చూసేదాన్ని. వచ్చాక కూడా చాలాకాలం ఫోనులో యుద్ధం మాటెత్తితే గొంతు తగ్గించేదాన్ని.

ఇప్పుడేమో ఊరేగింపులో గోల ఎక్కువైనా ఆపొచ్చని చట్టాలొచ్చాయట. ఆనాడు పర్మనెంట్ వీసా కూడా లేని మేం కారణమడిగి క్షేమంగా ఇంటికొచ్చాం. ఇక్కడే పుట్టిన పిల్ల లాయరు నంబరు రాసుకుని బయల్దేరుతోంది. ఎవరో అంత కష్టపడి తెచ్చుకున్నది ఎప్పుడు పలచబడిపోయిందో, ప్రతిదాన్నీ అనుమానించే నాకే తెలియలేదు.

సంచిలో ఏమీ పెట్టలేదు కదా అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగి నవ్వింది. పెట్టలేదు. చెయ్యి ఇలా ఇమ్మని, చెమటకి చెరిగిపోకుండా ఆ నల్లటి అంకెలు ఒక్కొక్కటే మళ్లీ దిద్దాను, పసితనంలో దాని అరికాలికి దిష్టిచుక్క పెట్టిన చేత్తోనే.